గినీ గుడ్డ: నేసిన చేయి ఒకటి, పేరు మరొకటి



మొన్న ఒక సాయంకాలం తొరపాడిలో మా వీధి కుర్రవాడొకడు పుస్తకం చేత పట్టుకొని మా ఇంటికి వచ్చినాడు. నేతవారి బిడ్డే. వాడి తాత జీవితమంతా గుంటమగ్గంలో కూర్చున్నవాడు. తండ్రి కొంతకాలం మగ్గం నేసి, కొంతకాలం బయట కూలికి పోయినవాడు. వాడు మాత్రం కాలేజీలో చేరి, రెండవ భాషగా ఫ్రెంచి తీసుకొన్నాడు. "పెదనాన్నా, ఫ్రెంచి నిఘంటువులో ‘గినే’ అనే మాట ఒకటి కనబడింది. ఒక అర్థం దేశం, ఇంకొకటి బంగారు నాణెం, మరొకటి నీలి అద్దకం వేసిన నూలు గుడ్డ. ఆ గుడ్డ మన దేశంలో నేసినదే అంటున్నారు. ఎక్కడి దేశం, ఎక్కడి నాణెం, ఎక్కడి మన గుడ్డ? వీటికి ఏమి పొత్తు?" అని అడిగినాడు.

ఆనాడు సగం జవాబే చెప్పగలిగినాను. తరువాత కొంత చదివి, తెలిసినవారిని అడిగి కూడబెట్టిన సంగతులు ఇక్కడ వ్రాస్తున్నాను. పరదేశపు మాట ఒకదాని గురించి మన సంఘం పత్రికలో ఇంత వ్రాయడమెందుకని కొందరికి తోచవచ్చును. నూలు ధర, కూలి రేటు, సంఘం బాకీలు, మరమగ్గం పోటీ, ఇన్ని ఉండగా ఇదొకటా అని అనవచ్చును. కాని ఈ ఒక్క మాటలో మన కూలి రేటు కథ కూడా దాగియున్నది. చివరిదాకా చదివి, ఆ తరువాతనే నన్ను ఆక్షేపించండి.

ముందు దేశం సంగతి. ఆఫ్రికా ఖండపు పడమటి తీరాన్ని పదిహేనవ శతాబ్దిలో పోర్చుగీసు నావికులు ‘గినే’ అని పిలిచినారు. వారి నోటి నుంచి అది ఫ్రెంచివారికి, ఇంగ్లీషువారికి ప్రాకింది. ఫ్రెంచివారు గినే అనే పలుకుతారు, ఇంగ్లీషువారు గినీ అంటారు. పోర్చుగీసువారికి ఆ మాట ఎక్కడ దొరికింది? ఇక్కడ పండితులు ఒక మాట మీద లేరు. ఉత్తర ఆఫ్రికాలోని బెర్బరు జాతివారు ఎడారికి ఆవలి నల్లవారిని పిలిచే మాట నుంచి పుట్టినదని ఎక్కువమంది అంటారు. నైజరు నదీ ప్రాంతంలోని జెన్నే అనే పాత వర్తక నగరం పేరే అట్లా మారిందని కొందరు, ఘానా అనే పురాతన రాజ్యం పేరే ఇదని మరికొందరు చెప్పినారు. ఏమైనా ఆ తీరంలో పుట్టినవారు తమకు తాము పెట్టుకొన్న పేరు అది కాదు. ఈనాడు ఆఫ్రికాలో ఆ పేరుతో మూడు దేశాలున్నవి: 1958లో ఫ్రెంచి పాలన నుంచి విడివడిన గినీ ఒకటి, గినీ బిస్సావు ఒకటి, ఈక్వటోరియల్ గినీ ఒకటి. ఇవి చాలక పసిఫిక్ సముద్రంలో న్యూ గినీ అనే పెద్ద ద్వీపమున్నది. 1545లో ఒక స్పెయిను నావికుడు అక్కడి ప్రజలను చూచి, ఆఫ్రికా గినీవారి పోలికలున్నవని ఆ పేరు పెట్టిపోయినాడు.

ఇక నాణెం. 1663లో ఇంగ్లండులో కొత్త బంగారు నాణెం ముద్రించినారు. దానికి కావలసిన బంగారంలో కొంత గినీ తీరం నుంచి వచ్చింది గనుక జనం దానిని గినీ అన్నారు. దాని వెల కొన్నాళ్ళు హెచ్చుతగ్గులై, 1717లో 21 షిల్లింగులుగా స్థిరపడింది. 1814 తరువాత దానిని ముద్రించలేదు. 1817లో దాని స్థానంలో మరొక బంగారు నాణెం వచ్చింది. దాని పేరు సావరిన్. వేలూరు బజారులో నగల కొట్టుకు పోయి "సవరను ఎంత?" అని అడిగే మన ఆడవారి నోట బ్రతికియున్నది ఆ నాణెమే. గినీ తరలిపోయింది, దాని తమ్ముడు సవరను ఎనిమిది గ్రాముల లెక్కగా మన ఇండ్లలో నిలిచిపోయినాడు.

ఇంకా ఉన్నవి. మచ్చల ఈకల గినీ కోడిని కోళ్ళు పెంచేవారెరుగుదురు. దాని పుట్టిల్లు ఆఫ్రికా. పాడిపశువులున్నవారికి గినీ గడ్డి తెలుసును, అదీ ఆఫ్రికా గడ్డే. నీళ్ళలో నుంచి ఒంటిలోకి చేరి, కాలు చీల్చుకొని దారంలా బయటికి వచ్చే నారికురుపు పురుగును ఇంగ్లీషులో గినీ పురుగు అంటారు. ఆ తీరంలో దానిని చూచినవారు అట్లా పేరు పెట్టినారు. మన దిగుడుబావుల పల్లెలను కూడా అది ఏడిపించి, 2000 నాటికి ఈ దేశం నుంచి పూర్తిగా పోయింది. ప్రయోగశాలల్లో వాడే గినీ పిగ్ అనే చిన్న జంతువుకు మాత్రం గినీతో ఏ సంబంధమూ లేదు. అది దక్షిణ అమెరికాది. ఆ పేరు ఎందుకు వచ్చిందో పండితులు ఇంకా వాదులాడుకొంటూనే ఉన్నారు.

ఇప్పుడు మన గుడ్డకు వద్దాము.

పదిహేడవ శతాబ్ది మొదట్లో డచ్చివారు మచిలీబందరులోను, పళవేర్కాటిలోను కొట్లు పెట్టినారు. ఇంగ్లీషువారు 1611లో మచిలీబందరు చేరినారు. ఫ్రెంచివారు 1669లో అక్కడనే కొట్టు తెరిచి, 1674లో పుదుచ్చేరిలో స్థిరపడి, తరువాత గోదావరి ముఖాన యానాములో మరొక స్థావరం పెట్టుకొన్నారు. వీరంతా వచ్చింది మిరియాలకోసమని చిన్నప్పుడు బడిలో చదివినాము. ఈ తూర్పు తీరానికి వారిని రప్పించినది మాత్రం మన గుడ్డ. గోదావరి నుంచి కావేరి దాకా ఊరూరా తెలుగు, తమిళ నేతగాండ్రు నేసిన నూలు గుడ్డ ఓడలకెక్కి దూరదేశాలకు పోయింది. అందులో ఒక రకం పొడుగాటి, గట్టి నేత గుడ్డ ఆఫ్రికా తీరంలో బాగా అమ్ముడుపోయేది. అది గినీకి పోయే సరుకు గనుక డచ్చివారు తమ చిట్టాలలో గినీ గుడ్డ అని వ్రాసికొన్నారు. ఫ్రెంచివారు ఇంకా పొట్టిచేసి ‘గినే’ అనే పిలిచినారు.

ఫ్రెంచివారి చేతిలో ఆ మాట ముదురు నీలి గుడ్డకు స్థిరపడింది. కోరా గుడ్డను పుదుచ్చేరి చుట్టుపట్ల అద్దకపువారు నీలిమందు తొట్టిలో మళ్ళీ మళ్ళీ ముంచి, నలుపు తిరిగినంత నీలంగా చేసి, మెరుగు పెట్టేవారు. గుడ్డంతా ఫ్రెంచివారి ఎల్లలో నేసినది కాదు. ఇంగ్లీషువారి సీమలోని ఊళ్ళలో నేసి పుదుచ్చేరికి అద్దకానికి పోయినది కూడా చాలా ఉన్నది. మన ఆర్కాటు సీమలోను, అటు కడప సీమలోను నీలిచెట్టు విరివిగా పండించేవారు. కడప నీలిమందుకు లండను బజారులో పేరుండేది. అక్కడి వర్తకులకు కడప నోరు తిరగక ‘కుర్పా’ అన్నారు. వంకరగా పలికినా, ఆ నీలికి తన ఊరి పేరే దక్కింది. ఈ మాట జ్ఞాపకముంచుకోండి, మళ్ళీ పని ఉన్నది.

ఈ నీలి గుడ్డ పోయి దిగేది సెనెగలు నది ముఖాన సెయింట్ లూయీ అనే ఫ్రెంచి పట్నంలో. నది వెంబడి ఎడారి అంచున మూరులనే సంచార జాతులవారు తుమ్మజాతి చెట్ల నుంచి బంక ఏరి తెచ్చేవారు. బంకకు బదులు వారు కోరేది వెండి కాదు, బంగారం కాదు, ఈ గుడ్డ. పద్దెనిమిది, పందొమ్మిది శతాబ్దులలో ఆ నది మీద గినే గుడ్డే చలామణీ నాణెం. "ఇంత బంకకు ఇన్ని గుడ్డలు" అని లెక్క. ఒక గుడ్డ పొడుగు సుమారు 16 మీటర్లు. మన లుంగీకి రెండు మీటర్ల లెక్క వేసుకొంటే ఎనిమిది లుంగీల గుడ్డ. అంటే మన పడుగు, మన పేక అక్కడ టంకశాల పని చేసినవన్నమాట. ఇంగ్లండులో గినీ బంగారపు నాణెం, సెనెగలులో గినే నూలు నాణెం! కుర్రవాడి నిఘంటువులో ఆ రెండర్థాలు ప్రక్కప్రక్కన కూర్చున్నవి ఊరకనే కాదు.

ఆ మూరులు గుడ్డను ఎట్లా పరీక్షించేవారో వింటే మీకు ముచ్చట వేస్తుంది. చేతితో తడిమి బిగువు చూచేవారు, మెరుపు చూచేవారు, ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూచేవారు. మన అద్దకపు తొట్టి వాసన వారికి ఆనవాలు. కట్టుకొంటే నీలి ఒంటికి అంటాలి, అంటితేనే అసలు గుడ్డ. ఫ్రాన్సులోని రువాన్ నగరంలో అచ్చం అట్టిదే చేయబోయినారు. ఎడారివారు మూచూచి త్రోసివేసినారు. వారికి పుదుచ్చేరి పేరు తెలియదు, నేసిన ఊరి పేరు అసలే తెలియదు. గుడ్డ మాత్రం తెలుసును.

సోదరులారా, నేను చెప్పదలచిన మాట ఇప్పుడు చెప్పుచున్నాను. గినీ అనే పేరు పెట్టుకొన్న వస్తువుల వరుస మరొకసారి చూడండి. నాణేనికి ఆ పేరెందుకు? బంగారం అక్కడి నుంచి వచ్చింది గనుక. కోడికి ఎందుకు? అక్కడి కోడి గనుక. గడ్డికి, అక్కడి గడ్డి గనుక. పుట్టినచోటు పేరో, కనబడినచోటు పేరో వాటికి వచ్చింది. మన గుడ్డకు ఆ పేరెందుకు? అక్కడ పుట్టినందుకు కాదు, అక్కడికి పోయినందుకు. నేసినవాని ఊరు కాదు, కొన్నవాని తీరం దానికి పేరైంది. ఇట్లా పోయేచోటును బట్టి ఈ పేరు పొందినది నాకు తెలిసినంతలో ఇంకొకటే ఉన్నది. మనుషులను బానిసలుగా కొని మోసుకొనిపోయే ఓడలను ఇంగ్లీషువారు ‘గినీమన్’ అనేవారు. ఒకే పేరుతో ఒకే దారిని పోయినవి ఆ ఓడ, మన గుడ్డ.

ఈ సంగతి దాచడం మంచిది కాదు. ఆ రోజులలో యూరపు ఓడలు మన దేశపు గుడ్డలను ఆఫ్రికాకు చేర్చి, వాటికి బదులు మనుషులను కొని, అమెరికా ద్వీపాలకు తోలుకొనిపోయి చెరకు తోటలలో పెట్టినవి. ఆ వ్యాపారంలో చెల్లిన సరుకులలో హిందూ దేశపు నూలు గుడ్డ ముఖ్యమైనది. నేసిన మన పూర్వులకు ఇది తెలిసియుండదు. పడుగు తోడి, గంజి పెట్టి, తెల్లవారకముందే మగ్గంలో దిగి, గుడ్డ కోసి దళారి చేతికిచ్చి, ముందు తీసుకొన్న బయానాలో మిగిలిన నాలుగు కాసులు ముడి వేసికొన్నవారు వారు. దోషం వారిది కాదు. కాని తాను చేసిన వస్తువు ఏ పేరుతో, ఎక్కడికి, ఏ పనికి పోతున్నదో తెలియనివాడు, దాని విలువను కూడా తెలిసికొనలేడు. అప్పటికీ ఇప్పటికీ ఇది సత్యమే.

బంక కథ కూడా వినండి. మన గుడ్డ పెట్టి కొన్న ఆ బంక ఎక్కడికి పోయింది? ఫ్రాన్సుకు, ఇంగ్లండుకు. అక్కడ దేనికి? ముఖ్యంగా గుడ్డల మీద అచ్చు వేసే కార్ఖానాలకు. రంగు చిక్కబడి, అచ్చు చెదరకుండా నిలవడానికి ఆ బంక కావాలి. ఆ కార్ఖానాలలో తయారైన చవక గుడ్డలే పందొమ్మిదవ శతాబ్దిలో మూటలు మూటలుగా మన రేవులలో దిగి, మన మగ్గాలను పడగొట్టినవి. అంటే మన చేతి గుడ్డ పోయి బంకను కొన్నది, ఆ బంక పోయి మర గుడ్డకు అందం తెచ్చింది, ఆ మర గుడ్డ వచ్చి మన పొట్ట కొట్టింది. ఇందులో ఎవరో కూర్చొని పన్నిన కుట్ర లేదు. వర్తకం తన దారిన తాను పోయింది. ఆ దారి పొడుగునా నేసినవాని పేరు ఒక్కచోటనైనా లేదు, అంతే.

పేరు లేకపోతే ఏమి నష్టమని అడుగుతారా? గినే గుడ్డకు ఏమైనదో చూడండి. 1828 ప్రాంతంలో పుదుచ్చేరిలోనే ఫ్రెంచి వర్తకులు ఆవిరి యంత్రపు మిల్లు పెట్టినారు. సెనెగలులో 1830లలో ఈ గుడ్డ అతిగా దిగి దాని విలువ పడిపోయింది. నాసిరకం గుడ్డ కూడా ఆ పేరుతోనే వస్తున్నదని గోల పుట్టింది. 1840లలో ప్రభుత్వంవారు పొడుగు, బరువు నిర్ణయించి, ముద్ర వేయించే నియమాలు చేసినారు. గమనించండి: ఆ ముద్ర వర్తకుని రక్షణకోసం, పట్నపు వ్యాపారం రక్షణకోసం. నేతగాని ఊరుగాని, వాడి చేతి పనిగాని అందులో లేదు. చేతి నూలు పోయి మిల్లు నూలు వచ్చినా పేరు గినేనే. చేతిమగ్గం పోయి మరమగ్గం వచ్చినా పేరు గినేనే. చివరకు యూరపు మిల్లులలో నేసినదీ గినేనే. పేరు కొన్నవానిది గనుక ఏ గుడ్డ మీద వేసినా అతికింది. మన ఊళ్ళ పేరే దాని మీద ఉండియుంటే, ఇంత సులభంగా ఇంకొకరి గుడ్డకు తగిలించడం సాధ్యమయ్యేదా?

ఇది పాతకథ అని ప్రక్కకు పెట్టడానికి లేదు. మన ఇంటికి దగ్గర ఉదాహరణలు రెండు చెప్పెదను. గళ్ళ లుంగీని మన వైపు బజారులో ‘పలయకాట్’ అని అడిగేవారు ఈనాటికీ ఉన్నారు. అది ఏమిటి? పళవేర్కాడు, అనగా పులికాటు రేవు. డచ్చివారు 1613లో కోట కట్టుకొన్న ఊరు. అక్కడ ఓడ ఎక్కినందున గుడ్డకు ఆ రేవు పేరు అంటింది. ఎక్కడెక్కడో నేసినవారి పేరు రేవు దగ్గర దిగిపోయింది. రెండవది ‘మద్రాస్’. అమెరికా ప్రక్క సముద్రంలోని మార్తినీక్, గ్వాదెలూప్ అనే ఫ్రెంచి ద్వీపాలలో ఆడవారు తలకు చుట్టుకొనే గళ్ళ రుమాలు పేరు మద్రాస్. పండుగ ఉడుపులో అది లేకపోతే నిండుతనం ఉండదట. పందొమ్మిదవ శతాబ్ది నడుమ నుంచి పుదుచ్చేరి, కారైకాలు రేవులలో కూలీలుగా ఓడలెక్కి మన దక్షిణాదివారు వేలమంది ఆ ద్వీపాలకే పోయినారు. కూలిగా మనిషీ పోయినాడు, సరుకుగా గుడ్డా పోయింది. గుడ్డకు మద్రాసు పేరైనా మిగిలింది. ఆ గుడ్డ నేసిన పల్లెలకు అదీ లేదు.

కాబట్టి గుడ్డకు పేరు మూడు విధాల వస్తున్నది. కొన్నవాని పేరు ఒకటి, అది గినే. ఎగుమతి చేసిన రేవు పేరు ఒకటి, అది పలయకాట్, మద్రాస్. పుట్టిన ఊరి పేరు ఒకటి, అది కంచి పట్టు, ఆరణి పట్టు, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ, పోచంపల్లి. మూడవ విధపు పేరున్న ఊళ్ళలో నేతవారంతా సుఖంగా ఉన్నారని నేను చెప్పను. వారి బాధలు వారికున్నవి. కాని కొనేవాడు ఆ ఊరి పేరు అడిగి కొంటున్నాడు, ఆ ఊరికి వెదుక్కొంటూ పోతున్నాడు. మగ్గం దగ్గర కూర్చున్నవానికి బేరమాడడానికి ఆ పాటి బలమైనా ఉన్నది.

మరి మన గుడియాత్తం లుంగీ సంగతి ఏమిటి? మన గళ్ళు, మన రంగులు, మన నేత ఎరిగినవారు ఎరుగుదురు. కాని కొట్టులో మడత విప్పితే పైన కనబడేది ఏదో కంపెనీ కాగితం, దాని మీద ఏదో బొమ్మ. మగ్గం ఏ ఊరిదో ఆ కాగితం మీద వెదకవలసిందే. ఈనాడు చేతిఫోనులో బొమ్మ చూచి లుంగీ కొనే రోజులు. బొమ్మలో చేనేతా, మరనేతా ఒకటిగానే కనబడతవి. మూరులవలె తడిమి చూడడానికి, వాసన చూడడానికి ఫోనులో వీలు లేదు. అట్టిచోట పేరొక్కటే ఆనవాలు. ఆ పేరు మనది కాకపోతే, గినే గుడ్డకు పట్టిన గతి మన లుంగీకి పట్టడానికి ఎంతోకాలం పట్టదు.

దారులు లేకపోలేదు. 1985లో చేసిన చట్టం ప్రకారం చేనేతకే కేటాయించిన రకాలలో లుంగీ కూడా ఉన్నది. ఆ చట్టం ఉన్నదని మరమగ్గాలవారికి గుర్తుచేయవలసినది మనమే. 1999లో పార్లమెంటు చేసి, 2003 నుంచి అమలులోకి వచ్చిన భౌగోళిక గుర్తింపు చట్టమొకటి ఉన్నది. ఒక సీమలో పుట్టిన వస్తువుకు ఆ సీమ పేరును చట్టరీత్యా కాపాడే సాధనమది. పోచంపల్లి, కంచి, ఆరణి వగైరా పేర్లు దాని క్రింద నమోదైనవే. ఆ నమోదు కార్యాలయం ఎక్కడో ఢిల్లీలో లేదు, చెన్నైలోనే ఉన్నది. పొద్దున రైలెక్కితే సాయంకాలానికి ఇల్లు చేరవచ్చును. 2006లో వచ్చిన చేనేత ముద్ర కూడా ఉన్నది. ఇది చేతిమగ్గం గుడ్డేనని కొనేవానికి చెప్పే గుర్తు అది.

ఇక్కడ ఒక హెచ్చరిక. సంఘం పేరిట నమోదైతే పని ఐపోయిందని నిద్రపోకూడదు. ఆ చట్టంలో, వస్తువును తయారుచేసేవారు తమ పేర్లు కూడా అధికార వినియోగదారులుగా వ్రాయించుకోవాలి. నమోదును పదేండ్లకొకసారి కొత్తచేసికోవాలి. పేరు కాగితంలో ఉండి, మగ్గంవాని పేరు పట్టికలో లేకపోతే, పాత పుదుచ్చేరి ముద్రకూ దీనికీ భేదమేమున్నది? అది వర్తకుని ముద్ర ఐనట్లు ఇది కూడా ఎవరి ముద్రో ఐపోతుంది.

నా మనవి మూడు మాటలు. మొదటిది: ప్రతి లుంగీ అంచులో, కాగితం మీద కాదు, నేతలోనే, ఊరి పేరు పడాలి. కాగితం కొట్టులో చిరిగిపోతుంది, అంచు గుడ్డ ఉన్నన్నాళ్ళు ఉంటుంది. రెండవది: మన గళ్ళ రకాలు, వాటి పోగుల లెక్క, రంగుల వరుస, వాటిని మన పెద్దలు పిలిచే పేర్లు, ఇవన్నీ ఒక పుస్తకంలో వ్రాయించాలి. ఇవి ఇప్పుడు ముసలివారి నోళ్ళలో మాత్రమే ఉన్నవి. ఏ నమోదుకు పోయినా "ఇది మీదేనని ఆధారమేమిటి?" అనే మొదటి ప్రశ్నకు ఆ పుస్తకమే జవాబు. మూడవది: నేసినవారి పేర్లు, ఆసు పోసిన, కండెలు చుట్టిన ఆడవారి పేర్లతో సహా, సంఘం పట్టికలో ఎక్కించాలి. కండె చుట్టిన చేయి లేక నాడె ఆడదు. ఆ చేతికి మాత్రం పేరెక్కడ?

ఇందుకు అభ్యంతరం చెప్పేవారుంటారని తెలుసును. మన షావుకార్లలో ఒకరు నాతోనే అన్నారు: "పేరు అన్నం పెడుతుందా? గిరాకీ వెల చూస్తాడు, గుడ్డ చూస్తాడు. ఊరి పేరు వేస్తే పై ఊళ్ళ వర్తకుడు కొనడు, వాడికి వాడి ముద్ర కావాలి." ఇందులో నిజం లేకపోలేదు. ముద్ర తనది కావాలని వర్తకుడు ఎందుకు పట్టుబడతాడు? పేరుకు విలువ లేకనా? ఉన్నది గనుకనే! పేరు చేతిలో ఉన్నవాడు రేపు వేరే ఊరి గుడ్డను, వేరే మర గుడ్డను అదే పేరుతో అమ్ముకోగలడు. మనం ఒక రూపాయి కూలి హెచ్చించమంటే "వేరేచోట తెచ్చుకొంటాను" అనగలడు. కూలి రేటు కథ ఈ మాటలో ఉన్నదని మొదట అన్నది ఇందుకే. వర్తకుని ముద్ర వద్దని నేననను. వాని ముద్ర కాగితం మీద ఉండనీ, మన ఊరు అంచు మీద ఉండనీ. రెండూ ఒక గుడ్డ మీద ఇమడవా?

ఇంకొక అభ్యంతరం మన పిల్లలది. "మగ్గమే పోతూంటే మగ్గానికి పేరెందుకు?" అంటారు. వారిని నిందించలేను. మగ్గంలో రోజంతా కూర్చొని వచ్చిన కూలి ఇల్లు గడవడానికి చాలకపోతే, చదువుకొన్న బిడ్డ వేరే పని వెదుక్కోవడం తప్పు కాదు. కాని పేరు లేకుండా పోయిన పనికీ, పేరుతో నిలిచిన పనికీ భేదమున్నది. గినే గుడ్డ నేసినవారిలో ఒక్కరి పేరు కూడా నాకు దొరకలేదు. కొన్న కంపెనీల పేర్లున్నవి, ఓడల పేర్లున్నవి, రేవుల పేర్లున్నవి. దొర దగ్గర దుబాసిగా ఉన్న ఆనంద రంగ పిళ్ళై వ్రాసిన దినచర్య పుస్తకాలు పుస్తకాలుగా మిగిలింది. మగ్గంలో కూర్చున్నవాడు మిగిలించినది గుడ్డ. గుడ్డ చిరిగిపోయింది.

ఆ కుర్రవానికి ఇవన్నీ చెప్పినాను. వాడు కొంతసేపు ఊరకుండి, "పెదనాన్నా, నిఘంటువులో ఆ మూడవ అర్థం దగ్గర నేనొక మాట వ్రాసుకొంటాను" అన్నాడు. ఏమి వ్రాస్తావురా అంటే, "నేసినవారు మావాళ్ళు అని" అన్నాడు. ఒక కుర్రవాడు తన పుస్తకంలో పెన్సిలుతో వ్రాసుకొన్నది వాని వరకే. అదే మాట మన లుంగీ అంచున, మన సంఘం పట్టికలో, చెన్నై కార్యాలయపు దస్తరంలో ఎక్కించవలసినది మనమందరము.

రాబోయే సంఘం సమావేశంలో ఈ మూడు సంగతులు చర్చకు పెట్టవలసినదిగా కోరుచున్నాను. మీ ఇంట పాత గళ్ళ నమూనా గుడ్డ పీలిక ఏదైనా పెట్టె అడుగున ఉంటే, పారవేయకుండా తీసుకొని రండి. పని అక్కడనే మొదలుపెడదాము.